బండి నడిపేవాళ్లకి సెట్రిజినా, ఫెక్సోఫెనడినా?

డీసీఎం డ్రైవర్, సూర్యాపేట:
హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద డీసీఎం నడుపుతాను. వరి కోతలప్పుడు దుమ్ముకి పొద్దున్నే తుమ్ములు పట్టుకుంటే ఓ పట్టాన వదలవు. ఆరేళ్లుగా సెట్రిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నా, తగ్గుతుంది కూడా. పోయిన నెల సూర్యాపేట దగ్గరికొచ్చాక ఫోన్ చూస్తే, కొర్లపహాడ్ టోల్ దాటినట్టు ఫాస్టాగ్ మెసేజ్ ఉంది. టోల్ ఎప్పుడు దాటానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. కునుకు పట్టినట్టు కూడా అనిపించలేదు. అప్పటి నుంచి భయంగా ఉంది. ఫెక్సోఫెనడిన్ అనే ఇంకో అలర్జీ మాత్రకి మారమని ఒకాయన చెప్పాడు. సెట్రిజిన్ రెండు రూపాయలు, అదేమో ఇరవై దాకా. అంత తేడా ఉందా?

పాత సెట్రిజిన్ మనిషి:
మా ఇంట్లో ముగ్గురం ఏళ్ల తరబడి సెట్రిజినే వాడుతున్నాం తమ్ముడూ. గంటలో పట్టు దొరుకుతుంది. ఫెక్సోఫెనడిన్ నేనూ వాడి చూశాను, తెల్లారేసరికి మళ్లీ ముక్కు కారింది. పుప్పొడి నింపిన గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి రెండు మందుల్నీ పోల్చినప్పుడు కూడా, 24 గంటలు నిండే వేళకి సెట్రిజిన్ పట్టే ఎక్కువని తేలింది. రాత్రి వేసుకుని పడుకుంటే మగత గొడవే ఉండదు.

మందుల షాపు కౌంటర్ నుంచి:
అన్నా, రాత్రి వేసుకుంటే సరిపోతుందన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. సెట్రిజిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు 8 గంటలు పడుతుంది. రాత్రి పదికి వేసుకుని ఆరింటికి బండి తీస్తే సగం మందు ఇంకా ఒంట్లోనే ఉంటుంది.

అమెరికాలో దాని లేబుల్ మీద ఉన్న లెక్క ఇది: 10 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో 14 శాతం మందికి మగత, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 6 శాతం. అంటే చాలామందికి ఏమీ కాదు. కానీ మెదడు మందగించిన సంగతి మనకే తెలియకపోవచ్చు. సూర్యాపేట తమ్ముడు చెప్పిన టోల్ సంగతి చదివితే నాకు గుండె ఝల్లుమంది. మందు వల్లే అలా జరిగిందని ఇక్కడ కూర్చుని చెప్పలేను గానీ, అనుమానించకుండా ఉండలేను.

ఫెక్సోఫెనడిన్ మెదడులోకి దాదాపు వెళ్లదు. అమెరికా విమానయాన శాఖ పైలట్లకి దాన్ని అనుమతిస్తుంది, సెట్రిజిన్ వేసుకుని విమానం నడపనివ్వదు. గుణం సంగతికొస్తే పుప్పొడి అలర్జీ ఉన్నవాళ్లలో 120, 180 మిల్లీగ్రాముల ఫెక్సోఫెనడిన్ సెట్రిజిన్‌తో సమానంగా పనిచేసిన పరీక్షలూ ఉన్నాయి. మీకు తెల్లారేసరికి ముక్కు కారింది అన్నారు, దేనితో మింగారు?

పాత సెట్రిజిన్ మనిషి:
పొద్దున నారింజ రసంతో. ఎందుకు?

మందుల షాపు కౌంటర్ నుంచి:
అక్కడే పోయింది. నారింజ, ఆపిల్ రసాలతో వేసుకుంటే ఫెక్సోఫెనడిన్ పేగుల్లోంచి సరిగా ఒంటికి పట్టదు. బత్తాయి కూడా ఆ జాతిదే కాబట్టి నేనైతే వద్దంటాను. మంచినీళ్లతోనే మింగాలి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందు కూడా దానితో కలిపి తాగకూడదు.

దద్దుర్లతో విసిగిపోయినదాన్ని:
ధర, మగత అంటున్నారు గానీ మానేటప్పటి బాధ ఎవరూ చెప్పట్లేదు. రెండేళ్లు రోజూ సెట్రిజిన్ వేసుకుని ఒక్కసారిగా ఆపేశాను. మూడో రోజుకి అరికాళ్ల నుంచి తల దాకా దురద. దద్దుర్లు లేవు, ఒట్టి దురదే. గోళ్లతో గీరి గీరి మోచేతులు రక్తాలు కారాయి. అలర్జీ తిరగబెట్టిందనుకుని మళ్లీ వేసుకుంటే తగ్గింది. 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇదే హెచ్చరిక ఇచ్చింది, సెట్రిజిన్‌కీ దాని దగ్గరి రూపమైన లెవోసెట్రిజిన్‌కీ కలిపి. 2017 నుంచి 2023 వరకు ప్రపంచం మొత్తం మీద వాళ్ల దృష్టికి వచ్చినవి 209 కేసులే, అరుదే. నాకొచ్చింది మరి. డాక్టరుగారు మెల్లగా తగ్గిస్తూ మాన్పించారు. తమ్ముడూ, ఆరేళ్లన్నావు, రోజూ వేసుకునేవాడివైతే ఒక్కసారిగా ఆపకు.

పాత సెట్రిజిన్ మనిషి:
డ్రైవింగ్ విషయంలో ఒప్పుకుంటాను. కానీ ఇంటిపట్టున ఉండేవాళ్లకి నెలకి 60 రూపాయల చోట 600 పెట్టమనడం సబబు కాదు. మా అమ్మకి సెట్రిజినే వేస్తాను.

మందుల షాపు కౌంటర్ నుంచి:
అమ్మగారికి కిడ్నీ పరీక్ష చేయించారా? సెట్రిజిన్ ఎక్కువగా మూత్రంలోనే పోతుంది, కిడ్నీలు మందగిస్తే మోతాదు తగ్గించాలి. ఫెక్సోఫెనడిన్‌కీ డాక్టర్లు అప్పుడు తగ్గించే ఇస్తారు. డబ్బు మాట నిజమే, జనరిక్‌లో అడిగితే చాలా తక్కువకి వస్తుంది.

డీసీఎం డ్రైవర్, సూర్యాపేట:
అందరికీ దండాలు. నేను రోజూ కాదక్కా, కోతల నెలల్లోనే వేసుకుంటా. రేపు డాక్టర్ని కలుస్తున్నా, ఈ మాటలన్నీ కాగితం మీద రాసుకున్నా. ఎల్లుండి దాకా లోడు లేదు. మారమంటే ఇంట్లో ఉండగానే మొదలుపెట్టి, రోజుకెన్ని తుమ్ములో లెక్క పెట్టి పది రోజులకి ఇక్కడే చెప్తా.