ఆర్‌ఆర్‌ఆర్: పిల్లలతో చూడొచ్చా?

ప్రశ్న: వందనాలండి. మా అబ్బాయిలకు 8, 13 ఏళ్లు. ‘ఆర్‌ఆర్‌ఆర్’ (2022) పెట్టమంటున్నారు. హింస ఎంత? విగ్రహారాధన ఉందా?

జవాబు: యూ/ఏ సర్టిఫికెట్, నిడివి మూడు గంటల పైనే. అప్పటి యూ/ఏ అంటే 12 లోపు పిల్లలకు చూపాలా వద్దా అని పెద్దలు ఆలోచించుకోవాలని మాత్రమే. మొదట్లోనే ఓ పాప తల్లిని దుంగతో తల మీద కొడతారు. ఇంటర్వెల్ ముందు పులులు మనుషుల మీద పడతాయి. అన్నిటికన్నా కష్టం ఇద్దరు హీరోల్లో ఒకడైన భీమ్‌ను ముళ్ల కొరడాతో కొట్టే ఘట్టం. అది పాటలో ఉంది కాబట్టి చాలామంది స్కిప్ చేయరు. చిన్నోడికి వద్దు. ‘నాటు నాటు’కు ఢోకా లేదు, అదొక్కటే వేసుకోండి.

జవాబు: పూజ కన్నా, రెండో హీరో రామ్‌కు రాముడి పోలికే ఎక్కువ సిస్టర్. క్లైమాక్స్‌లో అతను అడవిలో రాముడి విగ్రహం దగ్గరి విల్లు తీసుకుని కాషాయంలో యుద్ధం చేస్తాడు. పెద్దోడికి ముందే చెప్పండి. నాకైతే పగను పండగలా చూపడమే అసలు చిక్కు. బైబిల్లో పగ తీర్చుకోవద్దనే రోమా 12:19 చదివించి మాట్లాడండి.