సొంత గుర్రంతో ఎక్స్‌మూర్ వెళ్లాలని ఉంది, ముందుగా ఏం చూసుకోవాలి?

సుమ_స్విండన్:

అందరికీ నమస్కారం. మాది కడప. ఇంగ్లండ్‌లో స్విండన్ దగ్గర ఉంటున్నాం. నా దగ్గర బ్రాంబుల్ అని ఒక కాబ్ గుర్రం ఉంది. పొట్టిగా, బలంగా ఉంటాడు, మనుషులంటే ప్రాణం. ఇన్నాళ్లూ వాణ్ణి డబ్బు కట్టి ఉంచే లివరీ యార్డ్ చుట్టుపక్కల దారుల్లోనే తిరిగాం. ఈ వేసవిలో వాణ్ణి వెంటబెట్టుకుని, ఇంగ్లండ్ నైరుతిలో కొండలు, బీడు నేలలు ఉండే ఎక్స్‌మూర్‌లో నాలుగైదు రోజులు గడపాలని నా కోరిక. అక్కడ అద్దె గుర్రాలు దొరుకుతాయని తెలుసు. కానీ ఆ కొండల మీద నా గుర్రంతోనే తిరగాలని ఉంది.

రోజుకో ఊళ్లో బస చేస్తూ ముందుకు సాగిపోవాలా, ఒకేచోట ఉండి చుట్టూ తిరగాలా? బ్రాంబుల్ ఇప్పటిదాకా ఒక్క రాత్రి కూడా యార్డ్ బయట ఉండలేదు. కొత్త చోట తిండి, నీళ్లు మానేస్తాడేమోనని నాకు టెన్షన్. ఇంకో సంగతి, మా ఆయన ఇక్కడి లైసెన్స్ తీసుకున్నది ఈమధ్యే. గుర్రాన్ని ఎక్కించే ట్రైలర్‌ని కారుతో లాగడానికి వేరే టెస్ట్ ఉంటుందని ఒకరు, అక్కర్లేదని ఒకరు చెబుతున్నారు. అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పద్మ_టివర్టన్:

సుమ గారూ, మీ ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది. మేం ఉండేది ఎక్స్‌మూర్‌కి దగ్గర్లోనే, మా ఆడగుర్రం గోరింటతో ఏటా అక్కడికి వెళ్తుంటాను. మొదటిసారి కాబట్టి ఒకేచోట ఉండండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. రోజుకో చోటికి మారితే మీకు కొత్త ఊళ్లు కనిపిస్తాయి. గుర్రానికి మాత్రం రోజూ కొత్త దొడ్డి, కొత్త నీళ్లు, కొత్త పొరుగు గుర్రాలు. అలవాటు లేని జీవానికి అది విశ్రాంతి కాదు. ఎక్స్‌ఫర్డ్, విథీపూల్, విన్స్‌ఫర్డ్ ఊళ్ల పక్కన గుర్రానికి స్టేబుల్, మనకు గది ఇచ్చే పొలాలు ఉన్నాయి. అక్కడి నుంచి రోజుకో దిక్కుకు వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

బస వెతికేటప్పుడు మీ గది ఫోటోలకంటే ముందు గుర్రాన్ని ఉంచే చోటు గురించి అడగండి. వాడికి విడిగా దొడ్డి ఇస్తారా, వేరే గుర్రాలతో కలిపి వదులుతారా? కంచె ముళ్లతీగా, కర్రా? రాత్రి వాన కురిస్తే లోపల కట్టేసే వీలుందా? మీది కాబ్ అన్నారు కాబట్టి గడ్డి సంగతి తప్పకుండా అడగాలి. కాబ్‌లకు ఒళ్లు తొందరగా వస్తుంది. పాడి ఆవుల కోసం పెంచిన తియ్యటి పచ్చికలో రాత్రంతా వదిలితే లామినైటిస్ రావచ్చు. డెక్క లోపల వాపు వచ్చి అడుగు వేయలేని స్థితికి వస్తుంది. చిన్న దొడ్డి గానీ, రాత్రిపూట స్టేబుల్ గానీ ఇస్తామన్న చోటే తీసుకోండి. ఎక్కువ మేయకుండా మూతికి కట్టే మేత మూతికట్టు కూడా వెంట ఉంచుకోండి.

వాడు తినడేమోనన్న మీ భయం న్యాయమైనదే. దానికి మందు ఇంటి గడ్డే. మొత్తం సెలవులకు సరిపడా ఎండుగడ్డి ఇంటి నుంచే తీసుకెళ్లండి. మేత ఉన్నట్టుండి మారితే కడుపునొప్పి వస్తుంది. గుర్రానికి కడుపునొప్పి అంటే ప్రాణం మీదికి వచ్చే విషయం. నీళ్ల రుచి మారినా కొన్ని గుర్రాలు మూతి పెట్టవు. అందుకే వెళ్లడానికి వారం ముందు నుంచే బకెట్లో కొద్దిగా ఆపిల్ రసం కలపడం అలవాటు చేయండి. అక్కడా అదే కలిపితే తేడా తెలియకుండా తాగేస్తాయి. గోరింటకు నేను ఇప్పటికీ ఇలాగే చేస్తాను. వెళ్లేముందు మీ యార్డ్‌కి దగ్గర్లోనే తెలిసినవాళ్ల దగ్గర ఒక రాత్రి ఉంచి చూడండి. బ్రాంబుల్ ఎలా ఉంటాడో అప్పుడే తెలిసిపోతుంది.

చేరిన రోజు సవారీ వద్దు. చేత్తో పట్టుకుని ఊరంతా నడిపించండి, వాసనలు చూడనివ్వండి. లాడాలు ప్రయాణానికి ముందు వారంలో కొట్టించండి. మూర్ మీద రాయి ఎక్కువ. ఒక లాడం ఊడితే మీ సెలవు అక్కడితో ఆగిపోతుంది.

ఇక దారులు. ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ మ్యాపుల్లో ఓఎల్ 9 కొనండి. ఆకుపచ్చ పొడుగు గీతలు బ్రిడిల్‌వేలు, అంటే గుర్రపు దారులు, మనం వెళ్లొచ్చు. పొట్టి గీతలు కాలినడక దారులు, అక్కడ గుర్రానికి హక్కు లేదు. నది పక్కన అందంగా కనిపించే దారులన్నీ మనవి కావు, గేటు దగ్గర గుర్తు చూసి కదలండి. మనిషికి తిరిగే హక్కున్న ఖాళీ భూముల్లో కూడా గుర్రానికి దానంతట అదే హక్కు రాదు. ఇది చాలామందికి తెలియదు.

నాకు బాగా ఇష్టమైనది టార్ స్టెప్స్ వైపు వెళ్లే దారి. బార్ల్ నది మీద పెద్ద పెద్ద రాతి పలకలు పరిచిన పాత వంతెన అది. వరదలు వచ్చినప్పుడు పలకలు కొట్టుకుపోతాయి, వెతికి తెచ్చి మళ్లీ అమర్చడానికి వాటికి నంబర్లు కూడా వేశారు. మనుషులు పలకల మీద నడుస్తారు, గుర్రాలు పక్కనే నీళ్లలో దిగి దాటుతాయి. నీళ్లు బురదరంగులో ఉరకలేస్తుంటే మాత్రం దిగకండి. అవతల విన్స్‌ఫర్డ్ హిల్ మీద ఎక్స్‌మూర్ పోనీలు కనిపిస్తాయి, మూతి చుట్టూ పిండి అద్దినట్టు తెల్లగా ఉంటుంది. వాటిని దూరం నుంచే చూడండి. మందలో మగగుర్రం ఉంటే మీదికి వచ్చే ప్రమాదం ఉంది. ఆగస్టులో వెళ్తే 519 మీటర్ల డంకరీ బీకన్ కొండ మీద హీదర్ పొదలు ఊదారంగులో విరగబూసి ఉంటాయి. అక్కడికి ఎక్కడం కాబ్‌కి కష్టం కాదు, మధ్యమధ్యలో ఊపిరి తీసుకోనిస్తే చాలు. ద చెయిన్స్ అనే చోటి వైపు మాత్రం తెలిసినవాళ్లు లేకుండా వెళ్లకండి, అంతా బురద నేల.

రవి_బ్రిస్టల్:

లైసెన్స్ సంగతి నేను చెబుతాను. 1997 తర్వాత పాసైనవాళ్లకు ట్రైలర్ టెస్ట్ వేరుగా ఉండేది. 2021 డిసెంబరు 16 నుంచి దాన్ని తీసేశారు. మామూలు కారు లైసెన్స్‌తో 3,500 కిలోల వరకు ట్రైలర్ లాగొచ్చు. కానీ మీ కారు ఎంత లాగగలదన్నది వేరే లెక్క, అది కారు తయారీ వివరాల ప్లేటు మీద ఉంటుంది (నంబర్ ప్లేటు కాదు). రెండు గుర్రాల ట్రైలర్ ఖాళీగానే టన్ను దరిదాపుల్లో ఉంటుంది, దానికి బ్రాంబుల్ బరువు కలపండి. ట్రైలర్ బదులు 3,500 కిలోల హార్స్‌బాక్స్ (గుర్రాన్ని ఎక్కించే వ్యాన్) అద్దెకు తీసుకునేటట్లయితే పేలోడ్, అంటే అది మోయగల బరువు, ఎంతో రాతపూర్వకంగా అడగండి. గుర్రం, జీను, నీళ్లు, గడ్డి, మీ ఇద్దరూ అంతా అందులోకే వస్తారు.

ట్రైలర్‌తో మోటర్‌వే మీద 60 మైళ్ల వేగం దాటకూడదు, ఒకే వరుస రోడ్లపై 50. మీ ఆయన ముందు ఖాళీ ట్రైలర్‌తో రివర్స్ బాగా ప్రాక్టీస్ చేయాలి. ఎక్స్‌మూర్ సందుల్లో ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి వెళ్లాల్సింది మీరే కావచ్చు. ఏ3‌9 రోడ్డు మీద పార్లాక్ హిల్ నాలుగు అడుగులకు ఒక అడుగు ఎక్కే వాలు, ట్రైలర్‌తో అటు పోవద్దు. చివరి పది మైళ్లకు మ్యాప్ యాప్‌ని కాకుండా బస ఇచ్చేవాళ్లు చెప్పిన దారిని నమ్మండి. బ్రేక్‌డౌన్ బీమా కూడా చూసుకోండి, చాలా పాలసీలు కారును లాగుతాయి గానీ లోపలున్న గుర్రాన్ని పట్టించుకోవు.

సుమ_స్విండన్:

పద్మ గారూ, రవి గారూ, చాలా థాంక్స్. వచ్చే శనివారమే బ్రాంబుల్‌ని ఒక రాత్రికి స్నేహితురాలి పొలంలో ఉంచుతున్నాను. కాగితాలేమైనా వెంట ఉండాలా? మూర్ మీద ఫోన్ సిగ్నల్ ఎలా ఉంటుంది?

పద్మ_టివర్టన్:

గుర్రం పాస్‌పోర్ట్ (దాని గుర్తింపు పత్రం) బండిలో తప్పనిసరిగా ఉండాలి, అది చట్టం. ఇంగ్లండ్‌లో 2020 అక్టోబరు నుంచి మైక్రోచిప్ కూడా తప్పనిసరి. చాలాచోట్ల ఫ్లూ, టెటనస్ టీకాలు చూపించమంటారు, తేదీలు ఇప్పుడే చూసుకోండి. అక్కడి వెట్ నంబరు బస ఇచ్చేవాళ్ల దగ్గర ముందే తీసుకోండి.

లోయల్లో సిగ్నల్ దొరకదు. అందుకని ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో రాసి పెట్టి బయల్దేరండి. ఫోన్ జీను సంచిలో పెట్టకండి, మీ ఒంటి మీదే ఉండాలి. మీరు కిందపడి గుర్రం పరుగెత్తితే ఫోన్ కూడా దాంతోనే పోతుంది. కళ్లానికి మీ నంబరు రాసిన బిళ్ల కట్టండి. మెరిసే పసుపు జాకెట్ మీకూ, వాడికీ. సాయంత్రం రాగానే బ్రాంబుల్ కాళ్లు, పొట్ట, గడ్డం కింద చేత్తో తడిమి పిడుదులున్నాయేమో చూడండి. ఫెర్న్ పొదల్లో అవి చాలా ఎక్కువ. మీ ఒళ్లూ చూసుకోండి, వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది.

శనివారం రాత్రి వాడు నీళ్లు ఎన్ని తాగాడో, పేడ ఎన్నిసార్లు వేశాడో ఇక్కడ రాయండి. దాన్ని బట్టి ఎక్స్‌మూర్‌లో మొదటి రోజు ఎంత దూరం పెట్టుకోవాలో చెబుతాను.