అమ్మకు బి12 తక్కువొచ్చింది, మతిమరుపు తగ్గుతదా?

నమస్తే, మాది హన్మకొండ. అమ్మకు 67 ఏండ్లు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ చానా ఏండ్ల సంది వేసుకుంటది, నీసు అసలే ముట్టదు. ఈ మధ్య తెలిసినోళ్ల పేర్లు గుర్తుకొస్తలేవు, అరికాళ్లు తిమ్మిర్లంటది, వయసు మీదపడ్డది కదా అనుకున్నం గానీ టెస్ట్ చేపిస్తే బి12 148 వచ్చింది, 200 కన్నా తక్కువుంటే లోపమేనట, మెట్‌ఫార్మిన్ తోని కూడా తగ్గుతదట. డాక్టర్ ఇంజెక్షన్లు రాసిండు. మా చిన్నమ్మేమో రక్తానికి ఫోలిక్ యాసిడ్ గోలీలు చాలంటుంది, కానీ బి12 లేకుండ అదొక్కటే వేస్తే రక్తం మంచిగైనట్టు కనవడ్డా లోపల నరాలు దెబ్బతింటనే ఉంటయట, నాకదే భయం.

మీ ఇండ్లల్ల పెద్దోళ్లకు ఇట్లనే ఉంటే ఇంజెక్షన్ల తర్వాత మతిమరుపు నిజంగ తగ్గిందా, ఎన్ని నెలలు పట్టింది? తర్వాత బి12 గోలీలు సరిపోయినయా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.