మోనా ద్వీపం గుహలకు లంకెబిందెల కథ అవసరమా?

కడలిదారి:
కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికోకు పశ్చిమాన సుమారు 66 కిలోమీటర్ల దూరంలో మోనా ద్వీపం ఉంది. అక్కడ ఊళ్లు లేవు. కాపలా సిబ్బంది, పరిశోధకులు, అనుమతి తీసుకుని వచ్చే సందర్శకులు తప్ప ఎవరూ ఉండరు. సముద్రం మీదికి నిలువుగా లేచిన కొండ అంచుల నిండా గుహలే. ఈ మధ్యే వెళ్లి వచ్చాం. పడవలో ఎక్కువ మంది అడిగింది ఒక్కటే: 17వ శతాబ్దపు సముద్రపు దొంగ కెప్టెన్ కిడ్ దాచాడని చెప్పుకునే నిధి ఏ గుహలో ఉంది? చరిత్ర ఉన్న చోటుకు నిధి కథ చెప్పి జనాన్ని పిలవడం మానేయాలని నా గట్టి అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పండి.

ఫ్లోరిడా తెలుగు:
కడలిదారి గారూ, నేను కాదంటాను. మోనా జలసంధి అలలు ఎలా ఉంటాయో మీరూ చూశారు కదా. కిడ్ పేరు వినకపోతే మా పద్నాలుగేళ్ల అబ్బాయి ఆ పడవ ఎక్కేవాడే కాదు. తిరిగి వచ్చాక వాడే వెతికి చదివాడు. 1698 జనవరిలో కేరళ తీరానికి దగ్గర్లో కిడ్ ‘క్వెడా మర్చంట్’ అనే ఓడను పట్టుకున్నాడట. అందులో ఉన్నది అర్మేనియన్ వర్తకుల సరుకు, బెంగాల్ నుంచి వస్తున్న పట్టు, మస్లిన్. 1699లో అతను కరీబియన్‌కు వచ్చి మోనా దగ్గర లంగరు వేశాడు. మన దేశపు నేత బట్ట అంత దూరం ఎలా వెళ్లిందని వాడు నన్ను రాత్రి పొద్దుపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఆ ప్రశ్న పుట్టించింది మీరు వద్దంటున్న కథే.

కడలిదారి:
మీ అబ్బాయి ఇంకో రెండు పేజీలు చదివితే కథ అక్కడే తేలిపోతుంది. సరుకులో చాలా భాగం కిడ్ దారిలోనే అమ్మేశాడు. న్యూయార్క్ దగ్గర గార్డినర్స్ ద్వీపంలో పాతిపెట్టినదాన్ని అధికారులు 1699లోనే తవ్వి తీసుకున్నారు. 1701లో అతన్ని లండన్‌లో ఉరితీశారు. ఓడ శిథిలాలు 2007లో డొమినికన్ రిపబ్లిక్‌లోని కాటలీనా ద్వీపం పక్కన దొరికాయి. ఇక మోనా గుహలో దాచడానికి మిగిలిందేమిటి?

అసలు సంపద గోడల మీద ఉంది. కొన్ని గుహల్లో, పగటి వెలుగు చేరని చోట, గోడ పైపొర మెత్తగా ఉంటుంది. వేలితో లాగితే పొర లేచి కింద లేత రంగు బయటపడుతుంది. అక్కడి మూలవాసులైన టైనోలు అలా వేళ్లతోనే ముఖాలు, మెలికలు గీశారు. ఒక్కో గీతలో వేలి వెడల్పు ఇప్పటికీ తెలుస్తుంది. 16వ శతాబ్దంలో వచ్చిన స్పానిష్ వాళ్లు వాటిని చెరపకుండా పక్కనే శిలువలు గీశారు, లాటిన్‌లో దేవుణ్ణి తలచుకున్నారు, పేర్లు రాసుకున్నారు. ఫ్రాన్సిస్కో అలెగ్రే అనే రాజోద్యోగి సంతకం కూడా ఉంది. పరిశోధకులు ఇవన్నీ 2016లో ప్రచురించారు. అంత మెత్తని గోడకు ఒక మోచేయి రాసుకుంటే చాలు, అయిదు వందల ఏళ్ల గీత పోతుంది. నిధి కోసం వచ్చినవాడి చూపు నేల మీదే ఉంటుంది, వీపు గోడకు ఆనుతుంది.

గుప్తనిధుల పిచ్చి ఏం చేస్తుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పాడుబడ్డ గుడిలో నందిని పెకలించి, గర్భగుడిలో గొయ్యి తీసి పోయారన్న వార్త పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు?

రాతిపలక:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మోనా గుహల నేలను ఎక్కువగా పెళ్లగించింది నిధి వేటగాళ్లు కాదు. 19వ శతాబ్దం చివరి నుంచి 20వ శతాబ్దం తొలి దశాబ్దాల దాకా గబ్బిలాల రెట్టను ఎరువు కోసం తవ్వి ఓడలకెత్తారు. అది కథ నమ్మి చేసిన పని కాదు, అనుమతి పత్రాలతో సాగిన వ్యాపారం. ఆ మట్టి పొరల్లో ఏమేమి పోయాయో ఎవరు లెక్క చెబుతారు? కిడ్‌ను ఒక్కణ్ణే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు.

కడలిదారి:
రాతిపలక గారూ, మీ మాట నిజం. అయితే రెట్ట తవ్వకం ఆగి చాలా కాలమైంది, నిధి కథ ఇంకా నడుస్తోంది. నా ప్రతిపాదన ఇది. కిడ్ కథ చెప్పాలనుకుంటే పడవలోనే, సరుకు అమ్ముడుపోయింది, ఓడ దొరికింది అన్న చివరి ముక్కతో సహా చెప్పాలి. గీతలున్న గుహలకు మాత్రం పరిశోధకులు తప్ప ఎవరూ వెళ్లకూడదు. నేను కూడా.

ఫ్లోరిడా తెలుగు:
మొదటి మాటకు ఒప్పుకుంటాను. రెండో మాటకు ససేమిరా. మనలాంటి యాత్రికుల సంగతి పక్కన పెట్టండి. టైనోల రక్తం మాలో ఉందని చెప్పుకునే కుటుంబాలు ప్యూర్టోరికోలో ఎన్నో ఉన్నాయి. వాళ్ల పూర్వీకుల వేళ్లు పడిన గోడను పరిశోధకుడు చూడవచ్చు, వాళ్ల పిల్లలు చూడకూడదా? కాపలా సిబ్బందిని వెంట పెట్టి, నలుగురైదుగురి చొప్పున, చేతులు గోడకు దూరంగా ఉంచి తీసుకెళ్లమనండి. తలుపు పూర్తిగా మూయాలంటే వాళ్లను అడిగాకే మూయాలి.