జైసల్మేర్ కోట సరే, ఊరి బయట ఏం చూడాలి?

ఎడారిబాట:
డిసెంబర్‌లో జైసల్మేర్ వెళ్తున్నామండి. నేను, మా ఆవిడ, మా మావయ్యగారు. కోట, హవేలీలు, గడీసర్ చెరువు ఎలాగూ ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి వాటి గురించి అడగట్లేదు. ఊరు దాటితే ఏముందన్నదే నా ప్రశ్న. ట్రావెల్స్ వాళ్లని ఎవర్ని కదిపినా ఒకటే పాట, మధ్యాహ్నం కుల్ధరా అనే పాడుపడిన ఊరు, సాయంత్రం సమ్ ఇసుక తిన్నెలు, ఒంటె ఎక్కడం, రాత్రి టెంట్ దగ్గర డ్యాన్సు, తెల్లారి బ్యాగులు సర్దుకోవడం. దీనికోసం అంత దూరం పడి వెళ్లాలా అనిపిస్తోంది. మావయ్యగారు ఆర్మీలో చేసి రిటైరయ్యారు, 1971 యుద్ధం జరిగిన లోంగేవాలా చూడాలని ఆయనకి ఎప్పట్నుంచో ఉంది, కాకపోతే మోకాళ్లు సహకరించవు. మా ఆవిడ జియాలజీ చదివింది, రాయి కనిపిస్తే కారు ఆపమంటుంది. నాకు జనం తక్కువుంటే చాలు. ముగ్గురికీ కుదిరేలా ఎలా వేసుకోమంటారు?

రాళ్లపిచ్చి:
మీ ఆవిడకి చెప్పండి, ఆవిడ సరైన ఊరికే వెళ్తున్నారని! జైసల్మేర్ అంటే అందరికీ ఇసుకే గుర్తొస్తుంది గానీ ఊరి చుట్టూ ఎక్కువగా ఉండేది రాతినేల. ఆ కోట కట్టిన పసుపు రాయి కూడా జురాసిక్ కాలంనాటిదే.

ముందు అకల్ వెళ్లండి. బార్మేర్ రోడ్డులో 17 కిలోమీటర్లు. 18 కోట్ల ఏళ్ల కిందటి అడవి అది, ఆ చెట్ల మానులు రాళ్లయిపోయి అక్కడే పడున్నాయి. 21 హెక్టార్ల ఆవరణ, అన్నిటికంటే పెద్ద మాను 13 మీటర్ల పైచిలుకు పొడవుంటుంది. ముందే చెబుతున్నా, గేటు దాటగానే నోరెళ్లబెట్టే సీన్ ఏమీ ఉండదు, బోసి గుట్ట, అక్కడక్కడా రేకుల కప్పు వేసిన ఇనప జాలీలు. చాలామంది జాలీ బయటనుంచే ఓ ఫోటో తీసుకుని "ఇంతేనా" అని వెనక్కి తిరుగుతారు. అలా కాకుండా వంగి దగ్గర్నుంచి చూడండి. బెరడు మీది గీతలు, కొమ్మ విరిగిన చోట కణుపు, పొడుగ్గా పోయిన నార అన్నీ కనిపిస్తాయి, కళ్లు కర్ర అంటాయి, చెయ్యి పెడితే చల్లటి రాయి. ఒకప్పుడు ఇక్కడ వేడిగా తేమగా ఉండి ఇంతేసి చెట్లు పెరిగాయి, ఆ తర్వాత సముద్రం వచ్చి కప్పేసింది, ఆ సముద్రపు గుల్లలు కూడా ఈ ప్రాంతపు రాళ్లలో దొరుకుతాయి.

జోధ్‌పూర్ రోడ్డులో థాయత్ అనే ఊరి దగ్గర 2014లో డైనోసార్ పాదముద్రలు బయటపడ్డాయి. జేఠ్‌వాయి దగ్గర దొరికిన ఎముకల్ని బట్టి 2023లో థారోసారస్ అని కొత్త డైనోసార్‌కి పేరు పెట్టారు, వయసు 16.7 కోట్ల ఏళ్లు. ఇవి వెళ్లి చూసే స్పాట్లు కావు, ఏ నేల మీద నడుస్తున్నారో తెలియడానికి చెప్పానంతే. హాబూర్ రాయి మాత్రం ఆవిడకి తప్పక చూపించండి, గుల్లల శిలాజాలతో నిండిన సున్నపురాయి, ఎర్రగా పసుపుగా భలే ఉంటుంది. దాంతో చేసిన గిన్నెలో పాలు పోస్తే తోడు వెయ్యకుండానే పెరుగవుతుందని అక్కడివాళ్లంటారు.

మాజీ ఫౌజీ:
లోంగేవాలా సంగతి నేను చెబుతా. పొద్దున్నే బయల్దేరండి, రామ్‌గఢ్ మీదుగా ముందు తనోట్, అక్కడ్నుంచి లోంగేవాలా, మళ్లీ రామ్‌గఢ్ వచ్చి వెనక్కి. మొత్తం 250 కిలోమీటర్లు దాటుతుంది, కానీ రోడ్డు బాగుంటుంది, ట్రాఫిక్ దాదాపు సున్నా. ఆ రోజు ఇంకేం పెట్టుకోవద్దు. రామ్‌గఢ్‌లోనే పెట్రోలు కొట్టించుకోండి, అది దాటాక ఫోన్ సిగ్నల్ నమ్ముకోవద్దు. అందరి గుర్తింపు కార్డులూ దగ్గర పెట్టుకోండి. సరిహద్దులో పరిస్థితి తేడాగా ఉంటే రాకపోకలు ఆపేస్తారు, కాబట్టి ముందురోజు హోటల్‌వాళ్లని కనుక్కోండి.

1971 డిసెంబర్ 4 రాత్రి లోంగేవాలాలో ఉన్నది 23 పంజాబ్ బెటాలియన్‌కి చెందిన ఒక్క కంపెనీ, 120 మంది దాకా, మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురీ నాయకత్వంలో. అవతల పాకిస్తాన్ ట్యాంకుల దండు. జైసల్మేర్‌లో మన హంటర్ విమానాలున్నా చీకట్లో దాడి చేసే ఏర్పాటు వాటికి లేదు, తెల్లారేదాకా పోస్టు వాళ్లే కాచుకోవాలి. కాచుకున్నారు. వెలుగు రాగానే హంటర్లు వచ్చిపడ్డాయి, మెత్తటి ఇసుకలో దిగబడిన ట్యాంకులు ఎటూ కదల్లేక దొరికిపోయాయి. పట్టుకున్న ట్యాంకులు ఇప్పటికీ అక్కడున్నాయి. మీ మావయ్యగారు ఆ మిట్ట మీద నిలబడి ఎదురుగా ఉన్న మైదానం చూస్తే చాలు, మిగతాది ఆయనే మీకు చెబుతారు. పెద్దగా ఎక్కాల్సిన అవసరం ఉండదు.

తనోట్ మాత గుడిలో 1965 యుద్ధంలో పడి పేలని బాంబులు అద్దాల వెనక పెట్టారు. అక్కడ పూజ చేసేది బీఎస్‌ఎఫ్ జవాన్లే. అంత ఓపిక లేదనుకుంటే జోధ్‌పూర్ రోడ్డులో వార్ మ్యూజియం ఉంది, హంటర్ విమానం అక్కడా చూడొచ్చు, కానీ లోంగేవాలా లోంగేవాలానే.

నీటిచుక్క:
కుల్ధరాని టూర్ ప్యాకేజీలో ఉందని తీసిపారెయ్యకండి. దయ్యాల కథలే దాన్ని పాడుచేశాయి. కథ అందరికీ తెలిసిందే, దివాన్ సాలిం సింగ్ ఊరిపెద్ద కూతురి మీద కన్నేశాడని, 84 ఊళ్ల పాలీవాల్ బ్రాహ్మణులు రాత్రికి రాత్రి శాపం పెట్టి వెళ్లిపోయారని. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఊరు ఖాళీ అయినమాట నిజం, దివాన్ పన్నుల బాధా నిజమే, బావులు ఎండిపోవడం కూడా ఒక కారణమంటారు, గోడలు కూలిన తీరు చూసి భూకంపమేమో అన్నవాళ్లూ ఉన్నారు. ఇన్ని ఉండగా దయ్యం దేనికి?

నాకు అసలు ఆశ్చర్యం వాళ్లు అక్కడ ఎలా బతికారన్నది. ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా పడని చోట గోధుమ, శనగ పండించారు! దాని పేరు ఖడీన్. రాతి మిట్టల మీద పడ్డ వాన జారి పల్లానికి వస్తుంది కదా, అక్కడ అడ్డంగా పొడవాటి మట్టికట్ట వేస్తారు. మన చెరువు లాగా ఉంటుంది గానీ నీళ్లు నిలవుంచి కాలవల్లో వదలరు, అక్కడే నేలలోకి ఇంకనిస్తారు, మిగిలినవి తూము గుండా పోతాయి, చలికాలానికి ఆ చెమ్మ మీదే విత్తనం వేస్తారు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఖడీన్లు సాగులో ఉన్నాయి. మీరు వెళ్లేది డిసెంబర్ కాబట్టి బోసి నేల మధ్య ఉన్నట్టుండి పచ్చటి మడి కనబడితే డ్రైవర్‌ని ఆపమనండి, అదే.

కుల్ధరా పొద్దున్నే వెళ్తే మీరొక్కరే ఉంటారు. వీధులు తిన్నగా ఉంటాయి, పైకప్పు లేని గోడలు వరసగా. అక్కణ్నుంచి ఖాభా దగ్గరే, చిన్న కోట, కింద మరో ఖాళీ ఊరు మొత్తం కనబడుతుంది, లోపల రాళ్లు, శిలాజాల మ్యూజియం కూడా పెట్టారు.

పిట్టలదొర:
ఎవరూ బట్టమేక పక్షి గురించి చెప్పరేం? మన రోళ్లపాడులో ఒకప్పుడు చూసిన పిట్ట, ఇప్పుడు దేశం మొత్తం మీద 200 లోపే మిగిలాయి, ఎక్కువ భాగం జైసల్మేర్ జిల్లాలోనే. డెజర్ట్ నేషనల్ పార్క్ 3162 చదరపు కిలోమీటర్లు, సమ్, ఖూరీ తిన్నెలు దాని పరిధిలోవే. బరువైన పక్షి, ఎదురుగా సూటిగా చూసే చూపు తక్కువ, ఎగురుతూ ఎగురుతూ కరెంటు తీగల్ని గుద్దుకుని చస్తున్నాయి. దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ పార్కులోనే సుదాసరీ వైపు పొద్దున్నే వెళ్తే చింకారా జింకలు, గద్దలు ఖాయం, బట్టమేక మాత్రం మీ అదృష్టం.

ఇసుకే కావాలంటే సమ్ వద్దు, ఖూరీకి వెళ్లండి. తిన్నెలు కాస్త చిన్నవే, కానీ స్పీకర్ల మోత తక్కువ.

ఎడారిబాట:
అందరికీ థాంక్సండి, మా ఆవిడ ఇప్పటికే అకల్ ఫోటోలు వెతుకుతోంది. ఇలా అనుకుంటున్నాం: ఒక రోజు పొద్దున కుల్ధరా, ఖాభా, మధ్యాహ్నం అకల్, రాత్రి ఖూరీలో. మర్నాడు సుదాసరీ చూసుకుని ఊళ్లోకి. ఆ తర్వాతి రోజు మొత్తం తనోట్, లోంగేవాలా. లోద్రవా, బడా బాగ్ ఎక్కడ ఇరికించాలి, లేక వదిలెయ్యొచ్చా?

నీటిచుక్క:
లోద్రవా వదలొద్దు. 1156లో జైసల్మేర్ కట్టకముందు రాజధాని అదే, 16 కిలోమీటర్లే. ఇప్పుడు మిగిలింది ముఖ్యంగా పార్శ్వనాథుడి జైన దేవాలయం, దాని తోరణం, చిల్లుల రాతి జాలీలు. సుదాసరీ నుంచి తిరిగొచ్చిన మధ్యాహ్నం లోద్రవా, అక్కణ్నుంచి సాయంత్రం ఎండ తగ్గాక బడా బాగ్. రాజుల ఛత్రీలు, అంటే స్మారక మంటపాలు, ఒక గుట్ట మీద వరసగా ఉంటాయి, వెనకాల గాలిమరలు, ఫోటోలో అవి పడకూడదని జనం తెగ తంటాలు పడుతుంటారు, నాకైతే అవి కూడా ఉంటేనే బాగుంటుంది.

మాజీ ఫౌజీ:
ప్లాన్ బాగుంది గానీ తనోట్ రోజుని ఆఖర్న పెట్టకండి. ఏ కారణం చేతనో దారి మూసేస్తే మళ్లీ వెళ్లడానికి రోజు మిగలదు, పెద్దాయన అడిగింది అదొక్కటే కదా. దాన్ని మొదటి రోజుకి మార్చి మిగతావి వెనక్కి జరపండి. ఖూరీ రాత్రికి ఆయనకి మంచి రగ్గు, మంకీ క్యాప్ తప్పనిసరి, పగలు చొక్కా చేతులు మడిచే ఎండ ఉందని మోసపోవద్దు.