ముసురు పట్టాక తేనెపెట్టెలో తెల్ల పురుగులు, ఈగలు తగ్గిపోతున్నాయి: ఏం చేయాలి?

గోదారి పెరడు:
అందరికీ నమస్కారమండి. మాది కొవ్వూరు దగ్గర పల్లె. ఇంటి వెనక పెరట్లో మందులు లేకుండా కూరగాయలు పండిస్తాం. మునగ, జామ, గట్టు మీద కొబ్బరిచెట్లు ఉన్నాయి. సంక్రాంతి వెళ్ళాక పుట్టతేనెటీగల పెట్టె ఒకటి తెచ్చి జామచెట్టు నీడన పెట్టాం. వేసవి మొదట్లో కళకళలాడింది. తేనె కోసం పైగది కూడా ఎక్కించాం.

శ్రావణం ముసురు మొదలైన దగ్గర్నుంచి ఈగలు పలచబడుతున్నాయి. నిన్న మూత తీసి చూస్తే అంచు చట్రాల్లో బూజులాంటి దారాలు, వాటి మధ్య బలిసిన తెల్ల పురుగులు. అడుగుపలక మీద తుపాకిమందులాగా నల్లటి రాలుడు. "వేపనూనె కొట్టావుగా, అందుకే చచ్చాయి" అంటున్నారు మా బావగారు. అదొక టెన్షన్. పైగా పెట్టె పక్కనే ఉన్నా బీరపిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి. ఈగలు గూడు వదిలేసి పోకముందే ఏం చేయాలో చెప్పండి.

పాత పెట్టెలు:
అవి మైనం పురుగులండి, ఆ నల్ల రాలుడు వాటి రెట్ట. రాత్రిపూట రెక్కలపురుగు దూరి గుడ్లు పెడుతుంది. గుంపు బలంగా ఉంటే కూలి ఈగలే దాని పిల్లపురుగుల్ని ఈడ్చి బయట పారేస్తాయి. మీ పెట్టెలో ఈగలు తక్కువ, పట్టు (మైనపు గదుల పలక) ఎక్కువ. ఎవరూ కాపలా లేని పట్టులో అవి కాపురం పెట్టాయి. కాబట్టి పురుగుల్ని ఏరడం ఒక్కటే చాలదు, పెట్టెలో చోటు తగ్గించాలి.

వాన తెరిపి ఇచ్చిన రోజు, ఎండ కాస్త కాశాక తెరవండి. ముందు పైగది దించేయండి. కిందిగదిలో ఒక్కో చట్రం ఎత్తి రెండువైపులా చూడండి. ఈగలు నిండుగా కప్పుకున్న చట్రాలు మాత్రమే ఉంచండి, అవి మూడే అయినా సరే. ఖాళీ పట్టు, దారాలు అల్లుకున్న పట్టు కోసి తీసేయండి. ఉంచిన వాటిని ఒకవైపుకి జరిపి, పక్కన పెట్టెకు సరిపడా చెక్క అడ్డుపలక దించండి. అడుగుపలక గీకి, మూలల్లో చీలికలుంటే మైనంతో పూడ్చండి. గుమ్మం రెండు మూడు ఈగలు పట్టేంత సన్నం చేయండి. ఈ కాలంలో కందిరీగలు కూడా గుమ్మం దగ్గరే కాపు కాస్తాయి.

కోసిన పట్టు తోటలో పారేయకండి, అందులోంచే మళ్ళీ రెక్కలపురుగులు లేస్తాయి. కోళ్ళుంటే ముందు వాటికి వేయండి, పురుగులన్నీ ఏరుకుంటాయి. మిగిలినది వేడినీళ్ళలో కరిగించి మైనం తీసుకోండి.

చట్రం చేతిలో ఉన్నప్పుడే గుడ్లు కూడా చూడండి. ఎండకు ఏటవాలుగా పట్టుకుంటే పట్టులోని చిన్న గది అడుగున బియ్యపు నూకలో సగం ఉన్న తెల్లటి గుడ్డు నిలబడి కనిపిస్తుంది. గదికి ఒక్కటి చొప్పున ఉంటే రాణి క్షేమం. ఒకే గదిలో రెండు మూడు అడ్డదిడ్డంగా ఉంటే రాణి పోయి చాలాకాలమైందని, కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయని అర్థం. అలాగైతే కబురు పెట్టండి, దాని వైద్యం వేరు.

గోదారి పెరడు:
చాలా థాంక్సండి. తిండి కూడా పెట్టాలా? బయట కొబ్బరి పూస్తూనే ఉందిగా.

పాత పెట్టెలు:
పూస్తే ఏం లాభమండి, రోజంతా వాన పడితే ఇవి బయటికి వెళ్ళవు. పైగా పుట్టతేనెటీగ ఎక్కువ దూరం పోయే రకం కాదు, కిలోమీటరు చుట్టుపక్కలే దాని బతుకు. చట్రాల పైఅంచున తేనె లేకపోతే ఆకలితో ఉన్నట్టే. ఇవి మెల్లిఫెరాల్లా (ఇటలీ రకం పెంపుడు తేనెటీగలు) ఓర్చుకోవు, గూట్లో తిండి లేకపోతే గుంపంతా వెళ్ళిపోతుంది.

గ్లాసు చక్కెరకి గ్లాసు నీళ్ళు. నీళ్ళు మరగించి దించి చక్కెర కలపండి, పూర్తిగా చల్లారాక చిన్న గిన్నెలో పోసి పెట్టె లోపలే పెట్టండి. మునిగిపోకుండా పైన నాలుగు ఎండుపుల్లలు వేయండి. పొద్దుగూకాకే పెట్టాలి, చుక్క కూడా బయట ఒలకకూడదు. వాసన పట్టి వేరే గుంపుల ఈగలు దోపిడీకి వస్తాయి, చీమల సంగతి సరేసరి. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు ఉన్నాయనుకుంటున్నాను.

నాటు రుచి:
మందుల్లేని తోటలో తెల్ల చక్కెరా? బెల్లం పెట్టొచ్చుగా. లేదా కొట్లో తేనె.

పాత పెట్టెలు:
రెండూ వద్దండి. బెల్లంలోని మడ్డి వాటికి అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. కొన్న తేనెలో వేరే పెట్టెల జబ్బులు రావచ్చు. చక్కెర పాకం కరువు రోజుల్లో గంజి లాంటిది, ప్రాణం నిలబెట్టడానికే. పైగది తీసేశాం కాబట్టి మీరు తినే తేనెలో అది కలవదు. అంత పట్టింపు ఉన్నవాళ్ళు వేసవిలో తేనె తీసేటప్పుడే వాటి వాటా వాటికి వదిలేయాలి.

మిద్దెతోట ఉప్పల్:
మీ బావగారి అనుమానం గురించి ఒక మాట. వేపనూనెకు ఎదిగిన ఈగలు ఇలా తగ్గిపోవడం కష్టం, అయినా విచ్చిన పూల మీద కొట్టకూడదు. ఈగల రాకపోకలు ఆగాక, సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టండి. నేను అడిగేది వేరే: అగ్నిఅస్త్రం కషాయం ఏమైనా కొట్టారా? అందులో పొగాకు ఉంటుంది, నికోటిన్ తేనెటీగకు విషమే. సేంద్రియంలో అనుమతి ఉన్న స్పైనోసాడ్ అనే పురుగుమందు కూడా తడి ఆరేదాకా ప్రమాదమే. మందు దెబ్బైతే గుమ్మం ముందు చచ్చిన ఈగలు కుప్పగా కనిపిస్తాయి.

బీర విషయంలో మాత్రం తేనెటీగల్ని తిట్టకండి! బీరపువ్వు సాయంత్రం ఐదు దాటాక విచ్చుతుంది, సొర కూడా అంతే. అప్పటికి ఇవి ఇల్లు చేరే వేళ, ముసురైతే అసలే రావు. వాటికి ఎక్కువగా రాత్రి తిరిగే రెక్కలపురుగులే దిక్కు. ఏడింటికల్లా టార్చి పట్టుకుని మగపువ్వు కోసి, కింద పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో అద్దండి. పొద్దున పూసే గుమ్మడి, దోస, కాకరలకైతే మీ పెట్టె బాగా పనికొస్తుంది. టమాటాకి ఇవి పెద్దగా పనికిరావు. దాని పుప్పొడి రాలాలంటే పువ్వును పట్టుకుని ఝుమ్మని ఊపాలి, ఆ పని తుమ్మెదలది.

మన్యం వైపు:
ఈగల పిల్లపురుగుల్ని కూడా చూసుకోండి. గదుల్లో తల పైకెత్తి చచ్చి, పుల్లతో లాగితే నీళ్ళసంచిలా ఊడి వస్తుంటే అది సాక్‌బ్రూడ్. 1990ల మొదట్లో దక్షిణాదిలో పుట్టతేనెటీగల్ని ఊడ్చిపెట్టిన వైరస్ అదే. మందు లేదు. అలా కనిపిస్తే ఆ చట్రాలు, పనిముట్లు వేరే పెట్టె దరికి చేర్చకండి. అనుమానంగా ఉంటే ఏలూరు వైపు విజయరాయి వ్యవసాయ పరిశోధన స్థానం మీకు దగ్గరే, ఒకసారి అడగండి.

గోదారి పెరడు:
ఈరోజు తెరిచానండి. అగ్నిఅస్త్రం వాడలేదు, గుమ్మం ముందు చచ్చిన ఈగలూ లేవు. గుడ్లు గదికొకటే ఉన్నాయి, నీళ్ళసంచులేవీ లేవు. నిండుగా ఉన్నవి నాలుగు చట్రాలు, మిగతావి తీసేశాను. కోళ్ళకి పండగ. పాకం పెట్టాను, తెల్లారేసరికి గిన్నె ఖాళీ. బావగారు ఇప్పుడు కాస్త తగ్గారు. రాణిని బయటికి పోనివ్వని రాణిగేటు తెచ్చి గుమ్మానికి బిగించేదా, పోకుండా ఉంటాయి? ఇంకొకటి, కూరగాయలు తీసుకెళ్ళేవాళ్ళు తేనె ఎప్పుడని అడుగుతున్నారు.

పాత పెట్టెలు:
గుడ్లు పెడుతూ, పాకం తాగుతూ ఉంటే గేటు అక్కర్లేదు. గుమ్మం దగ్గర గందరగోళంగా ఎగురుతూ, పుప్పొడి తేవడం మానేస్తే అప్పుడు పెట్టండి, అదీ నాలుగైదు రోజులకే. గేటు పెట్టినా ఆకలి ఆకలిగానే ఉంటుంది, పోతుటీగలు కూడా లోపలే ఇరుక్కుంటాయి.

తేనె మాట ఇప్పుడు ఎత్తకండి. వానలు తగ్గి, ఈగలు మళ్ళీ చట్రాలు నింపాక ఒక్కొక్కటిగా చట్రం పెంచండి. పిల్లగది, అంటే కిందిగది, నిండాకే పైగది. తీసేటప్పుడు కూడా ముప్పాతిక గదులకు మైనం మూతలు పడిన చట్రాలే తీయాలి. మూత పడని తేనెలో నీరెక్కువ, మన కోస్తా తేమకి సీసాలో పొంగి పులుస్తుంది. అమ్మే తేనెలో నీరు 20 శాతం దాటకూడదని ఆహార ప్రమాణాల నిబంధన కూడా ఉంది. ఏడాది నిండని పిల్లలున్న ఇళ్ళకి ఇస్తే మాత్రం బిడ్డకు నాకించవద్దని చెప్పి ఇవ్వండి. ఈలోపు గట్టు మీద తులసి, కాస్త నువ్వులు, ధనియాలు చల్లుకోండి. ధనియాలకి మాత్రం వానలు వెనకబడేదాకా ఆగండి.