గేరు పళ్ళకు టూత్‌పేస్టు: వాడవచ్చా, వాడకూడదా?

బెజవాడ జంక్షన్:
అందరికీ నమస్కారం. నా దగ్గర హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు దానిలో 87వ వంతు సైజు, బొమ్మ డీజిల్ ఇంజను ఒకటి ఉంది, అమెరికన్ నమూనా. మా బావగారు న్యూజెర్సీలో కొని, ఇరవై ఏళ్ళకు పైగా పెట్టెలోంచి తీయకుండా దాచి, మొన్న సంక్రాంతికి తెచ్చి నా చేతిలో పెట్టారు. పట్టాల మీద పెట్టి కరెంటు ఇచ్చానో లేదో, తిరగలిలో శనగలు విసురుతున్నట్టు గరగర. బాగా నెమ్మదిగా నడిపితే ఆ గరగర మధ్యలో టక్కుమని ఇంకో చప్పుడు, దాంతో పాటే చిన్న కుదుపు. పట్టాలు తుడిచాను, చక్రాలు తుడిచాను, తేడా లేదు. తెలిసినవారొకరు గేర్ల పెట్టెలో టూత్‌పేస్టు వేసి, అరగంట నడిపి, కడిగేయమన్నారు. అలా చేయవచ్చా?

వాల్తేరు వ్యాగన్:
నిస్సంకోచంగా చేయండి. నేను మూడు పాత ఇంజన్లకు చేశాను, మూడూ ఇప్పటికీ నడుస్తున్నాయి. పాత ప్లాస్టిక్ గేర్ల పళ్ళ అంచుల్లో అచ్చు తాలూకు సన్నని పొరలు మిగిలిపోతుంటాయి. టూత్‌పేస్టులోని గరుకు రజను వాటిని అరగదీస్తుంది. పేస్టు మోటారు దాకా పోకుండా చూసుకోండి. తర్వాత ట్రక్కును, అంటే చక్రాలుండే కింది చట్రాన్ని, పూర్తిగా విప్పి గోరువెచ్చని సబ్బునీళ్ళలో పాత బ్రష్షుతో ప్రతి పంటి సందూ కడగాలి. కడగడానికి బద్ధకిస్తే మాత్రం ఇంజను పాడవుతుంది.

కాజీపేట కూత:
వ్యాగన్ గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ చప్పుడు ఎక్కడిదో తెలియకుండానే గేర్లు అరగదీయమనడం రోగం తెలియకుండా మందు పోయడమే. పైగా ఇత్తడి వార్మ్, అంటే మరమేకులా చుట్లు ఉండే గేరు, ప్లాస్టిక్ గేరుతో కలిసి తిరిగేచోట ఆ రజను మెత్తని ప్లాస్టిక్‌లో దిగబడి కూర్చుంటుంది. ఎంత కడిగినా అంతా రాదు. అప్పటినుంచి ఆ ప్లాస్టిక్ గేరే ఆకురాయిలా ఇత్తడిని తింటూ పోతుంది.

జంక్షన్ గారూ, ముందు ఆ టక్కుమనే చప్పుళ్ళు లెక్కపెట్టండి. అమెరికన్ డీజిల్ ఇంజన్లలో చాలావాటి చక్రం వ్యాసం 40 అంగుళాలు. అందులో 87వ వంతు దాదాపు 11.7 మిల్లీమీటర్లు. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే ఇంజను సుమారు 37 మిల్లీమీటర్లు కదులుతుంది. అర మీటరు పట్టా మీద ఆ చప్పుడు 13, 14 సార్లు వినిపిస్తే తప్పు ఏదో ఒక ఇరుసు దగ్గరే ఉంది. ఎన్నిసార్లు నడిపినా పట్టా మీద ఒకే చోట వినిపిస్తే అది పట్టాల అతుకు, ఇంజనుకు సంబంధం లేదు.

తర్వాత పై తొడుగు తీసి, మోటారు నుంచి ట్రక్కులకు పోయే షాఫ్టులు రెండూ ఊడదీసి, మోటారును ఒంటరిగా తిప్పండి. అప్పుడూ గరగరమంటే బేరింగులకు సూది మొనతో ఒక్కొక్క చుక్క నూనె పెట్టండి, ప్లాస్టిక్‌కు హాని చేయని నూనె మాత్రమే. మోటారు ప్రశాంతంగా తిరిగితే ట్రక్కులను ఒకదాని తర్వాత ఒకటి కలిపి చూడండి. ముందుకు వెళ్ళేటప్పుడు అరిచి, వెనక్కి వచ్చేటప్పుడు ఊరుకుంటే వార్మ్ తన పెట్టెలో అటూ ఇటూ జరుగుతోందేమో చూడాలి. ఇక ఇరవై ఏళ్ళు కదలని గ్రీజు సంగతి చెప్పనక్కరలేదు, అది ఎండిన తుమ్మబంకే.

డల్లాస్ డబ్బా:
లోపల డిజిటల్ డీకోడరు, అంటే పట్టాల గుండా వచ్చే ఆదేశాలను చదివి మోటారును నడిపే చిన్న సర్క్యూటు, ఉందా? పాత డీకోడర్లు మోటారుకు కరెంటును సెకనుకు వంద సార్ల ప్రాంతంలో తుంచి తుంచి ఇచ్చేవి. ఆ జుమ్మనే మోత గేర్లది కాదు, ఎంత గ్రీజు రాసినా పోదు. కొత్తవి సెకనుకు వేల సార్లు తుంచుతాయి కాబట్టి చెవికి దాదాపు అందదు.

వాల్తేరు వ్యాగన్:
లెక్కపెట్టమన్న మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. రజను దిగబడుతుందన్నది మాత్రం ఒప్పుకోను. పన్నెండేళ్ళ కిందట పేస్టు వేసిన ఇంజనును పోయిన వేసవిలో విప్పాను. ఇత్తడి వార్మ్ మీద గీత లేదు, గ్రీజులో పసుపు పొడి లేదు.

కాజీపేట కూత:
మీరు ప్రతి పంటి సందూ కడిగే మనిషి కాబట్టి అది బతికింది. మొదటిసారి ఇంజను విప్పేవారికి అంత ఓపిక, అంత చెయ్యి ఉండవు. అడిగినవారు ఎవరో చూసి సలహా ఇవ్వాలని నా పట్టుదల.

బెజవాడ జంక్షన్:
డీకోడరు లేదండీ. రాత్రి కూర్చుని మీరు చెప్పిన వరుసలోనే చూశాను. అర మీటరుకు 14 చప్పుళ్ళు. మోటారు ఒంటరిగా తిరిగితే దాదాపు నిశ్శబ్దం. ముందు ట్రక్కు కలిపితే గరగర మాత్రమే, వెనక ట్రక్కు కలపగానే టక్కుమంది. కింది మూత తీస్తే గ్రీజు తేనెరంగులో బిగుసుకుపోయి, గోటితో గీకితే పెచ్చులుగా రాలింది. ఇరుసులు బయటికి తీసి ఒక్కొక్కటే భూతద్దం కింద తిప్పాను. రెండో ఇరుసు గేరు మొదట బాగానే కనిపించింది. దీపం దగ్గరికి జరిపి మళ్ళీ తిప్పితే రెండు పళ్ళ నడుమ వెంట్రుకంత పగులు! అక్కడ ఎడం మిగతా పళ్ళ మధ్య ఉన్నదానికన్నా ఎక్కువ. పక్క గేరు పన్ను ఆ సందులోకి సరిగ్గా దిగక, ఎక్కి దూకుతోంది. జిగురు పెడితే సరిపోతుందా?

కాజీపేట కూత:
వద్దు. ఇలాంటి గేర్ల ప్లాస్టిక్‌కు జిగురు సరిగా పట్టదు. పట్టినా లోపలి ఇరుసు బిగువు మళ్ళీ చీలుస్తుంది. నాలుగు ఇరుసుల గేర్లదీ ఒకటే వయసు కాబట్టి నాలుగూ మార్చేయండి. కొత్తవి బిగించాక రెండు చక్రాల మధ్య ఎడాన్ని గేజి పెట్టి చూసుకోవడం మరచిపోకండి, లేకపోతే పాయింట్ల దగ్గర, అంటే పట్టాలు రెండుగా చీలేచోట, ఇంజను పట్టా తప్పుతుంది.

వాల్తేరు వ్యాగన్:
పగిలిన గేరుకు నా మందు పనికిరాదు. టక్కుమంటోందని మీరు మొదటే రాశారు, నేను దాని గురించి అడగకుండానే సలహా ఇచ్చాను, అది నా పొరపాటు. కొత్త గేర్లు వేసి, పాత గ్రీజంతా కడిగి, కొత్తది పలచగా రాసి, ఓ గంట రెండు వైపులా నడపండి. అప్పటికీ గరగర మిగిలితే ఇక్కడే రాయండి. టూత్‌పేస్టు మాట అప్పుడు మళ్ళీ చెబుతాను.